బొగ్గుట్ట

మా ఊరికి మూడు పేర్లున్నాయి. సర్కారు కాగితాల మీద ఇల్లందు. కొందరు దాన్నే ఇల్లెందు అని రాస్తారు. చుట్టుపక్కల పల్లెల జనం నోట అది బొగ్గుట్ట. రైల్వేవాళ్లకు ఈ రెండూ నచ్చలేదేమో, స్టేషనుకు 'సింగరేణి కాలరీస్' అని పెట్టారు. నిజానికి సింగరేణి వేరే ఊరు. అది దక్షిణాన కారేపల్లి దగ్గర ఉంది. మొదటి గని తవ్వింది ఇల్లందులో, పేరు దక్కింది సింగరేణికి. మా పక్కనున్న కొత్తగూడెం సంగతీ అంతే. అక్కడ రైలు దిగితే బోర్డు మీద 'భద్రాచలం రోడ్' అని ఉంటుంది. ఆ రోడ్డు పట్టుకొని ఇంకో నలభై కిలోమీటర్లు పోతే గాని రాములవారి గుడి కనిపించదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా పుదుచ్చేరి పట్టణంలో, నటేశన్ నగర్‌లో ఉంటున్నాను. బతుకుతెరువు కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. మీదే ఊరని ఇరుగుపొరుగు అడిగితే బొగ్గు గనుల ఊరని చెబుతాను. వెంటనే వాళ్లు "నైవేలి లాగానా?" అంటారు. గని అంటే ఇక్కడివారికి నైవేలే. అది పుదుచ్చేరికి నైరుతి దిక్కున, బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలో ఉంది. అక్కడి లిగ్నైట్ సంస్థ 1956లో ఏర్పడింది. కానీ లిగ్నైట్ వేరు, మా బొగ్గు వేరు. లిగ్నైట్ గోధుమ రంగులో, తేమతో, మెత్తగా ఉంటుంది. భూమి వయసుతో పోల్చి చూస్తే అది నిన్నమొన్నటిది. మా బొగ్గు పుట్టి పాతిక కోట్ల సంవత్సరాలు దాటింది. ఆ కాలపు రాళ్లను భూగర్భ శాస్త్రజ్ఞులు గోండ్వానా రాళ్లంటారు. అప్పటి చిత్తడి అడవులు నేలలో కూరుకుపోయి, పైన ఇసుక, మన్ను పేరుకొని, ఆ బరువుకు, వేడికి నల్లరాయిగా మారాయి.

మీ దగ్గర పటం ఉంటే ఒకసారి ముందు పెట్టుకోండి. పాత ఆదిలాబాద్ జిల్లా నుంచి కరీంనగర్, వరంగల్ జిల్లాల అంచుల మీదుగా ఖమ్మం జిల్లా దాకా గోదావరి వెంబడి ఒక గీత గీయండి. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సుమారు 350 కిలోమీటర్ల పొడవున తెలంగాణ బొగ్గు ఆ పట్టీలోనే ఉంది. ఇల్లందు మాత్రం ఆ పట్టీ నడుమ లేదు. కాస్త పక్కకు జరిగి, విడిగా ఒక చిన్న దొన్నెలా ఉంది. ఖమ్మానికి ఉత్తరాన దాదాపు 50 కిలోమీటర్లు. తూర్పున కొత్తగూడెం, పడమర మహబూబాబాద్. చుట్టూ అడవి, కోయ గూడేలు, లంబాడీ తండాలు. దొన్నె చిన్నది కాబట్టే బొగ్గు ముందుగా దొరికిన ఊళ్లోనే ముందుగా తరిగిపోయింది. మా ఊరి కథ మొత్తం ఈ ఒక్క విషయం మీదే నడిచిందని నాకు అనిపిస్తుంది.

ఆ బొగ్గు ఎలా బయటపడిందో మా వైపు ఒక కథ చెబుతారు. భద్రాచలం యాత్రకు పోతున్నవాళ్లు దారిలో మూడు రాళ్లు పెట్టి వంట మొదలుపెట్టారట. కట్టెలతో పాటు పొయ్యి రాళ్లూ అంటుకున్నాయట! కథ సంగతి ఎలా ఉన్నా, 1871 ప్రాంతంలో భారత భూగర్భ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇక్కడి బొగ్గును పరిశీలించి లెక్కకు తెచ్చాడు. మందమైన బొగ్గు పొరకు ఆయన పేరు మీద 'కింగ్ సీమ్' అనే పేరు నిలిచింది. మా చిన్నప్పుడు కింగ్ అంటే రాజు కదా అని, నైజాం రాజు పేరే అనుకునేవాళ్లం.

ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి 1886లో తవ్వకపు హక్కులు వచ్చాయి. డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా రైలు దారి వేశారు. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. ఆ మొదటి ఏడాది వచ్చింది సుమారు 60 వేల టన్నులు. 1920 డిసెంబరు 23న కంపెనీ పేరు సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నైజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు అందులో రాష్ట్రానికి 51 వంతులు, కేంద్రానికి 49 వంతులు. 2023-24లో సంస్థ మొత్తం తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. కానీ ఆ ఏడు కోట్లలో మా ఊరి పాలు చాలా చిన్నది. ముఖ్య కార్యాలయం ఏనాడో కొత్తగూడేనికి పోయింది.

మా నాయన కోల్ ఫిల్లర్‌గా పనిచేశాడు. అంటే పేల్చిన బొగ్గును తట్టతో ఎత్తి టబ్బులో నింపడం. టబ్బు ఇనుప చక్రాల బండి. నింపిన టబ్బుకు తన నంబరు బిళ్ల కట్టాలి. పైన లెక్క చూసేవాడు ఆ బిళ్లను బట్టే కూలి రాసేవాడు. అందుకే నాయన ముందు అంకెలు నేర్చుకున్నాడు, అక్షరాలు తర్వాత వచ్చాయి. మొదట్లో హాజరు బుక్కులో వేలిముద్ర వేసేవాడు. మా అమ్మ పలక కొనుక్కొచ్చి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అతని పేరు అతనితోనే దిద్దించింది. ఆమెకు వచ్చింది మూడో తరగతి చదువు. సంతకం కుదిరిన నెల జీతం చీటీ ఇంట్లో ఇప్పటికీ ఉంది.

మా వైపు గనిని బాయి అంటారు. నీళ్ల బావికీ అదే మాట. రెండూ భూమిలోకి దిగే గుంతలే గదా. 'నాయన బాయికి పోయిండు' అంటే నీళ్లకు పోయాడని ఎవరూ అనుకోరు.

భూగర్భ గనిలో బొగ్గు ఎలా తీస్తారో తెలిస్తేనే తరువాతి సంగతి అర్థమవుతుంది. మొత్తం బొగ్గు ఒకేసారి తీస్తే పైకప్పు కూలుతుంది. అందుకని వీధుల్లాగా అడ్డంగా, నిలువుగా తవ్వుకుంటూ పోయి, నడుమ బొగ్గునే చదరపు దిమ్మెలుగా వదిలేస్తారు. మిద్దెను స్తంభాలు మోసినట్టు ఆ దిమ్మెలు భూమిని మోస్తాయి. ఈ పద్ధతి ఇంగ్లండు ఉత్తర ప్రాంతపు గనుల్లో వాడుకలో ఉన్నదే. తవ్వకం చివరిదాకా వచ్చాక, లోపలి కొస నుంచి వెనక్కి వస్తూ ఆ దిమ్మెలను కూడా తీసేస్తారు. ఖాళీని ఇసుకతో నింపుతారు, లేదా కప్పును దానంతట దాన్నే కూలనిస్తారు. పని నడిచినన్నాళ్లు రాత్రింబగళ్లు మోటార్లతో నీళ్లు తోడుతూనే ఉండాలి. లోపలి నీరు అలా పోతుంటే చుట్టుపక్కల నేలలో నీటిమట్టం కిందికి దిగుతుంది. గని మూసేసి మోటార్లు ఆపితే నీరు మెల్లగా పైకి వస్తుంది.

ఇల్లందులో భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. తరువాత ఓపెన్‌కాస్ట్ వచ్చింది. పైనున్న మన్ను, రాయి అంతా తీసి పక్కన గుట్ట పోసి, కింది బొగ్గును యంత్రాలతో ఎత్తడం అన్నమాట. ఒక యంత్రం వందల తట్టల పని చేస్తుంది. సింగరేణి అంతటా 1990 దశకం మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల దాకా ఉన్నారు. బొగ్గు పెరిగింది, మనుషులు తగ్గారు. షిఫ్టు సైరన్‌ను బట్టి పొయ్యి ముట్టించిన ఇళ్లు చాలావరకు ఖాళీ అయ్యాయి.

ఇంగ్లండులో ఇలాంటి ఊళ్లు వందల్లో ఉన్నాయి. ఈశాన్యాన డర్హమ్ అనే జిల్లా ఉంది. అక్కడి అధికారులు 1951లో ఒక ప్రణాళిక రాసి, గని పోయాక వందకు పైగా ఊళ్లకు భవిష్యత్తు లేదని తేల్చారు. వాటిని 'డి' వర్గం అన్నారు. అక్కడ కొత్త ఇళ్లకు అనుమతి లేదు, కొత్త ఖర్చు లేదు. జనం వెళ్లిపోయినకొద్దీ ఇళ్లు పడగొట్టడమే. జనం ఎదురు తిరిగారు. 1977లో ఆ విధానాన్ని వదిలేశారు. కొన్ని ఊళ్లు నేలమట్టమయ్యాయి, చాలా ఊళ్లు మిగిలాయి. 1984-85లో ఏడాది పాటు సాగిన సమ్మె కూడా గనుల మూసివేతను ఆపలేకపోయింది. ఆ దేశంలో చివరి లోతు గని, యార్క్‌షైర్‌లోని కెల్లింగ్లీ, 2015 డిసెంబరులో మూతపడింది.

మా ఊరికి ఎవరూ 'డి' అని రాయలేదు. బదిలీ ఉత్తర్వులే ఆ పని చేశాయి. ఒక్కో ఇల్లు మణుగూరుకో, భూపాలపల్లికో కదిలింది. అయినా ఇల్లందు డర్హమ్ పల్లె కాదు. గనులు లేకున్నా చుట్టూ ఉన్న గూడేలకు, తండాలకు అదే అంగడి, అదే ఆస్పత్రి, అదే బస్టాండు. అది మున్సిపాలిటీ, శాసనసభ నియోజకవర్గం. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. గని ఊరిని పుట్టించింది నిజమే. కానీ ఊరు ఇప్పుడు దారుల కూడలి మీద బతుకుతోంది. ఇక్కడ పుదుచ్చేరిలో 1898లో మొదలైన ఆంగ్లో ఫ్రెంచ్ బట్టల మిల్లు 2020లో మూతపడింది. పట్టణం మాత్రం పట్టణంలాగే ఉంది. అయితే ఆ మిల్లు మీద బతికిన వీధి వేరు, పట్టణం వేరు. ఈ తేడా మిల్లు వీధివాళ్లను అడిగితేనే తెలుస్తుంది.

నాయన దిగిపోయాక అతని ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. ఇంటికి ఒక్క ఉద్యోగమే కాబట్టి నేను బయటి దారి చూసుకున్నాను. తమ్ముడు కూడా ఇల్లందులో నిలవలేదు, భూపాలపల్లికి బదిలీ అయ్యాడు. నాయన పోయి చాలా కాలమైంది. ఎనభై దాటిన అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో ఉంది. పోయిన ఏడు తమ్ముడు ఇంటికి ఒక బేరం తెచ్చాడు. మంచి ధరే. అమ్మను తన దగ్గరికో నా దగ్గరికో తీసుకుపోదామన్నాడు. నాకూ అదే సబబనిపించింది. రాత్రిపూట ఆమెకు ఏమైనా అయితే తలుపు తట్టేదెవరు?

అమ్మ వినలేదు. "బాయి బందైతె ఊరు బందైతదా?" అంది. నటేశన్ నగర్‌కు ఒకసారి వచ్చి నెలరోజులుంది. సముద్రం చూసింది, బాగుందంది. పక్కింటివాళ్ల తమిళం అర్థం కాక, మాట్లాడే మనిషి లేక పదేపదే గేటు దగ్గర నిలబడేది.

మొన్న ఫోన్లో పెరటి బావి సంగతి చెప్పింది. మా చిన్నప్పుడు సంక్రాంతి దాటితే అది అడుగంటేది.

"బాయిల బొగ్గు అయిపోయింది గని, మన బాయిల నీళ్లు లేచినయి కొడకా. చెయ్యి చాపితె అందేటట్టున్నయి. కాకర పాదు పెట్టిన."

ఇంటి బేరం సంగతి ఇంకా తేలలేదు.