మనోవ్యాధికీ మందుంది

మనోవ్యాధికి మందు లేదని మన పెద్దలు సామెతగా చెప్పారు. ఒంటికి జబ్బు చేసినప్పుడు మాత్రం మనసు సంగతి అడిగేవాళ్లే ఉండరు. మాది మూడు తరాలుగా షోలాపూరులో స్థిరపడిన నేత కుటుంబం. మావారికి మూత్రపిండాలు పాడైన నాటి నుంచి ఈ విషయం నా మనసులో తిరుగుతూనే ఉంది. షుగరు లేని ఇల్లు మనలో తక్కువ కనుక, నాకు తెలిసిన నాలుగు మాటలు మీతో పంచుకోవాలనిపించింది.

ఇరవై ఏళ్ల షుగరు ఆయన మూత్రపిండాలను తినేసింది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలిసిస్. 2016లో కేంద్ర ప్రభుత్వం జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచిత డయాలిసిస్ పథకం మొదలుపెట్టింది. దానివల్ల ఎందరికో ప్రాణం నిలుస్తోంది. కానీ ప్రాణం నిలవడం వేరు, బతకాలనిపించడం వేరు.

షోలాపూరు ఎండలు ఎలాంటివో మీకు తెలుసు. ఆ ఎండల్లో కూడా ఆయనకు నీళ్లు కొలిచి ఇవ్వాలి. మాత్రలకూ, చాయ్‌కీ, మజ్జిగకూ అన్నీ ఆ కొలతలోంచే. సూదులు గుచ్చడానికి ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషను చేశారు. ఆ చేత్తో బరువులెత్తకూడదు. నలభై ఏళ్లు చాదర్లు నేసిన చెయ్యి అది.

మెల్లమెల్లగా ఆయన మాట్లాడటం తగ్గించేశారు. ఆకలి లేదు, నిద్ర లేదు, ఒకటే నీరసం. ఇవి మూత్రపిండాల జబ్బు లక్షణాలూ అవును, దిగులు లక్షణాలూ అవును. అందుకే దిగులు ఆ జబ్బు చాటున దాక్కుంటుంది. డయాలిసిస్ చేయించుకునేవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి దిగులు జబ్బు ఉంటుందని తరువాత డాక్టరుగారు చెప్పారు. ఒకనాటి రాత్రి ఆయన, "ఇగ నాతోని గాదు. రేపటి సంది దవాఖానకు పోను" అన్నారు. మూత్రపిండాలు పూర్తిగా పోయిన మనిషి డయాలిసిస్ మానేస్తే ఎన్నాళ్లో నిలవడని మా ఇద్దరికీ తెలుసు.

చూడవచ్చిన బంధువులంతా ధైర్యం చెప్పారు. "యముణ్ణే ఎదిరించిన మార్కండేయుడు మన కులదైవం, నీకేం భయం?" అన్నారు. ఆయన తల ఊపేవారు. ధైర్యం చెప్పేవాళ్ల ముందు దిగులు చెప్పుకోవడం ఎవరికైనా కష్టమే.

డయాలిసిస్ దగ్గరి సిస్టరమ్మ మాత్రం రెండే ప్రశ్నలు అడిగింది. "రెండు వారాలుగా ఏ పని మీదా ఇష్టం లేకుండా పోయిందా? మనసు దిగులుగా, ఇక ఆశ లేనట్టుగా ఉంటోందా?" మరాఠీలో అడిగింది, ఆయన మరాఠీలోనే "బరా ఆహే" అనేశారు. బజారులో, కార్ఖానాలో మనకు మరాఠీ ధారాళంగా వస్తుంది. లోపలి మాట మాత్రం తెలుగులోనే వస్తుంది.

ఆ అమ్మాయే 14416 నంబరు రాసిచ్చింది. అది టెలి మానస్. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత ఫోను సేవ, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగుతో సహా అనేక భాషల్లో మాట్లాడతారు. తెలుగులో మాట్లాడాలని కోరాం. ఫోను ఆయన చేతికిచ్చి నేను వాకిట్లోకి వెళ్లి కూర్చున్నాను. చాలాసేపు ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. తరువాత ఆయనే నాతో చెప్పారు: చావంటే భయం లేదట. "కొడుకు కూలంతా నా మందులకే పాయె" అన్నదే ఆయన్ని తినేస్తున్న బాధ. ఆ మాట అంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఫోనులో చెప్పిన ప్రకారం మానసిక వైద్యుణ్ణి కలిశాం. మూత్రపిండాల పరిస్థితి చూసి, సరిపడే మోతాదులో మందు రాశారు. ఇలాంటి మందులు డాక్టరు చెప్పకుండా ఎవరూ వాడకూడదు. డయాలిసిస్ లేని రోజుల్లో చేతనైన పని ఏదో ఒకటి పెట్టుకోమన్నారు. ఇప్పుడు మావారు ఒక గంట కార్ఖానాకు వెళ్లి, నేసిన తువ్వాళ్లలో తెగిన పోగులు చూసిపెడుతున్నారు. దప్పిక తగ్గలేదు, సూదుల నొప్పి తగ్గలేదు. కొన్ని రోజులు ఇప్పటికీ మౌనంగానే గడుస్తాయి. కానీ డయాలిసిస్ రోజున నేను లేపకముందే లేచి చొక్కా వేసుకుంటున్నారు.

మీ ఇంట్లో షుగరు, గుండెజబ్బు, పక్షవాతం, క్యాన్సరు వంటి దీర్ఘవ్యాధితో ఉన్నవారుంటే ఆ రెండు ప్రశ్నలూ అడగండి, మన భాషలో అడగండి. అడిగాక సలహా చెప్పడానికి తొందరపడక, వారు చెప్పేది పూర్తిగా వినండి. చచ్చిపోవాలనే మాట వినిపిస్తే మాత్రం ఆలస్యం చేయక, వారిని ఒంటరిగా వదలక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. రోగికి సేవ చేసేవాళ్ల మనసూ అలసిపోతుంది. ఆ నంబరు వారికి కూడా పనికివస్తుంది. నేనూ రెండుసార్లు ఫోను చేశాను.