తల ఎత్తకమ్మా!

మా రాజమండ్రిలో నేను పట్టినవి బూజుకర్ర, రోకలి. మొన్న విశాఖ వెళ్తే అమ్మాయి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బుకి లాక్కెళ్లింది. బంతి నిమ్మకాయంత, 46 గ్రాములు కూడా ఉండదు. మూడుసార్లు కొట్టాను, మూడూ గాలికే. అసలు ఆటలో అదీ ఒక దెబ్బ కిందే లెక్కట, నవ్వకండి!

"తల ఎత్తకమ్మా, బంతినే చూడు" అంది.

పెళ్లయిన కొత్తలో మా అత్తగారి మాట అదే. 30 ఏళ్లు విన్నాను. కోపమొచ్చి కర్ర ఇచ్చేయబోయాను.

"కొట్టేదాకానేనమ్మా. తర్వాత ఎత్తి చూసుకోవాలిగా!"

ఈసారి టక్కుమని తగిలింది. 60 గజాలట. తల ఎత్తి, అది ఆగేదాకా చూశాను. అరచేతిలో బొబ్బ.

ఆయనకి ఫోన్ చేసి చెప్తే, "పాలు విరిగిపోయాయి, ఎప్పుడొస్తున్నావు?" అన్నారు.

ఆదివారం దాకా రానన్నాను.