తోడి గాంధారం, కీబోర్డు చక్రం

3 జనవరి 2025, శుక్రవారం, అమలాపురం

ముక్కోటి ఏకాదశి పదో తేదీన. భజనకి పిల్లలు కీబోర్డు కావాలన్నారు. ఉన్నది యూఎస్‌బీ కీబోర్డు, తనంతట తాను పలకదు. పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంది, దాంట్లో కీబోర్డుకి గొంతునిచ్చే ఫ్లూయిడ్‌సింత్ ఎక్కించాను. మెట్టు నొక్కితే చప్పుడు లేదు.

"పాడైపోయిందాండి, మాస్టారూ?" ఎదురింటి కుర్రాడి బెంగ.

అది చెవితో తేలే సంగతి కాదు. మిడి తీగలో శబ్దం పారదు. ఏ మెట్టు, ఎంత జోరుగా నొక్కారన్న అంకెలే పారతాయి. ముందు ఆ అంకెలు చూడాలి. ఏసీక్‌డంప్ తెరిచి మధ్య 'సి' నొక్కించాను. నోట్ 60, జోరు 74.

"ఆయ్, వచ్చేత్తందండి!"

అంటే కీబోర్డు బాగానే ఉంది. ఏకనెక్ట్ జాబితాలో కీబోర్డు 24:0, సింత్ 128:0. రెండింటికీ లంకె లేదు. ఏకనెక్ట్ 24:0 128:0 అని కొట్టగానే పియానో మోగింది. వాడి మొహం చూడాలి!

5 జనవరి, ఆదివారం

తాళం దగ్గర చేయి వెనకబడుతోంది. ఫ్లూయిడ్‌సింత్ మామూలుగా 64 శాంపిళ్ల బఫర్లు 16 పెట్టుకుంటుంది. సెకనుకి 44,100 లెక్కన 23 మిల్లీసెకన్ల ఆలస్యం. నాలుగు బఫర్లకి దించితే ఆరు మిల్లీసెకన్ల లోపే, కానీ ఈ ముసలి యంత్రం చిటపటమంది. ఆరు బఫర్ల దగ్గర కుదురుకుంది. మార్చిన సంగతి పిల్లలకి చెప్పకుండానే వాయించమన్నాను. దరువు సరిగ్గా పడింది.

8 జనవరి, బుధవారం

జనరల్ మిడిలో హార్మోనియం లేదు. 21వ వాద్యం రీడ్ ఆర్గన్, దాంతో సరిపెట్టాం. గమకం పలకదనే కదా 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని దూరం పెట్టింది! ఈ కీబోర్డుకి మాత్రం పక్కన చక్రం ఉంది. మామూలుగా అది స్వరాన్ని అటు రెండు, ఇటు రెండు అరస్వరాలు జరుపుతుంది. తోడి రాగంలో గాంధారం కిందికి శుద్ధ రిషభం దాకా, పైకి శుద్ధ మధ్యమం దాకా ఊగినా అంతలోనే ఇముడుతుంది.

స్వరం నుంచి స్వరానికి జారే 'జారు' గమకం కోసం చక్రాన్ని ఏడు అరస్వరాలకి పెంచి చూశాను. మెట్లు దిగినట్టు వినిపించింది. ఏసీక్‌డంప్‌లో కారణం కనబడింది: మిడి ఈ చక్రానికి 16,384 మెట్లిచ్చినా, మా కీబోర్డు 128 చొప్పున దూకుతోంది. ఏడు అరస్వరాలకైతే ఒక్కో దూకు దాదాపు 11 సెంట్లు, చెవికి దొరికిపోతుంది. రెండింటికైతే మూడే. రెండు దగ్గరే ఉంచేశాను. రేపు పిల్లలతో తోడి గాంధారం పట్టించాలి, చక్రం మీద ఎడమచెయ్యి మెత్తగా పడేలా.