గోడ కూలిన రాత్రి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా అరకు కొండల్లో కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. మా తాత కట్టిన మట్టింటికి మాత్రం పెంకులే ఎగిరాయి. గోడలు చెక్కుచెదరలేదు. ఆ గోడల్లో ఒకదాన్ని పడగొట్టింది నేను.

విశాఖలో ఉద్యోగం చేస్తూ నాలుగు డబ్బులు కూడబెట్టాను. అమ్మకి ఇల్లు బాగుచేయించాలనుకున్నాను. లోపలా బయటా సిమెంటు పూత వేయిస్తే ఇంక చూసుకోనక్కర్లేదన్నారు. వేయించాను. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు.

రెండో వానాకాలానికి గోడ అడుగున పూత ఉబ్బింది. తట్టితే డొల్లగా మోగేది. రంగు వేస్తే పోతుందనుకున్నాను. మూడు రోజులు ముసురు పట్టిన ఓ రాత్రి పడమటి గోడ కూలిపోయింది. దాహమేసి కుండ దగ్గరికి లేచింది కాబట్టి అమ్మ బతికింది. నేను తెల్లారి వెళ్లేసరికి ఆమె మంచం కోళ్లు రెండే పైకి కనబడుతున్నాయి.

ముసలి మేస్త్రీ ఓ పెళ్ల తీసి నా చేతిలో పెట్టాడు. ఒకవైపు రాయిలాంటి సిమెంటు, వెనక వేలు దిగిపోయే బురద. "నేల చెమ్మ గోడకి ఎక్కుతాది బాబూ. మట్టి అయితే గాలికి వదిలేస్తాది. నువ్వు దారి మూసేశావు," అన్నాడు. పగుళ్లలోంచి దిగిన వాన నీళ్లు కూడా లోపలే ఉండిపోయాయట.

వానల్లో మట్టిపని సాగదు. నవంబరు దాకా అమ్మ పక్కింటి వసారాలో పడుకుంది. ఆ నెలలు నాకు నిద్రలేదు.

తర్వాత మిగతా గోడల సిమెంటు కూడా ఉలితో చెక్కించాను. కూలిన గోడకి రెండడుగుల ఎత్తు రాతి కట్టు వేశాం. మట్టిలో గడ్డి కలిపి నేనూ అడుసు తొక్కాను. ఒక వరస ఆరితేగాని రెండోది పెట్టనిచ్చేవాడు కాదు మేస్త్రీ. పైన మట్టిపూత, సున్నం. వాన గోడని తాకకుండా చూరు బాగా ముందుకి దించాం. పాత ఇంట్లో పగలు కూడా చీకటే, అమ్మ చూపు పొగకే మందగించింది. అందుకే లోయవైపు గట్టి దూలం ఎత్తి ఆరడుగుల అద్దాల కిటికీ, పొయ్యి మీద పొగ పోయే దారి, పెంకుల మధ్య నాలుగు గాజు పెంకులు పెట్టించాను.

పొద్దున్నే ఆ వెలుగులో అమ్మ బియ్యం ఏరుకుంటుంది. మంచం మాత్రం పడమటి గోడవైపు ఇప్పటికీ వేయనివ్వదు.