నిద్ర కూడా ఒక పాఠమే

అంగన్‌వాడీలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఏం చెప్పాలన్నా, వాళ్లకు ముందే తెలిసిన దానితో మొదలుపెట్టడం నా అలవాటు. రైలెక్కని పిల్లలుంటారు, సముద్రం చూడని పిల్లలుంటారు. నిద్రపోని పిల్లలు ఉండరు. అందుకే ఏటా ఒక వారం పాటలు, ఆటలు, లెక్కలు అన్నీ నిద్ర చుట్టూనే నడుపుతాను.

"రాత్రి అన్నం తిన్నాక ఏం చేస్తారు?" అని అడుగుతాను. కాళ్లు కడుక్కోవడం, పక్క వేయడం, దోమతెర కట్టడం, కథ వినడం, లైటు తీయడం... వాళ్లు చెప్పినవన్నీ అట్టముక్కల మీద బొమ్మలుగా గీసి, కలిపేసి, మళ్లీ వరసలో పెట్టమంటాను. ముందు, తర్వాత, చివర అనే మాటలు అలా నోటికి వచ్చేస్తాయి. లెక్కలకు దుప్పటి చాలు. ఇద్దరు పిల్లలు చెరో రెండు కొసలు పట్టుకుని మడతపెడతారు. మొదటి మడతకు సగం, రెండో మడతకు పావు. అంచులు కలవకపోతే విప్పి మళ్లీ మొదలెడతారు.

కేంద్రం ముందున్న నిద్రగన్నేరు ఆకులు పొద్దుగూకాక ఎలా ఉంటాయో అమ్మతో వచ్చి చూడమంటాను. ముడుచుకున్న ఆకులు చూశాక ఇక ప్రశ్నలే ప్రశ్నలు. "టీచర్, చేపకి రెప్పల్లేవు కదా, ఎట్టా పడుకుంటది?" అని ఒక పాప అడిగింది. కళ్లు తెరుచుకునే పడుకుంటుందని చెప్పగానే అందరూ గుడ్లప్పగించి చేపలైపోయారు. గుర్రం నిలబడి కునుకు తీస్తుందంటే నిలబడి చూపించారు.

చీకటంటే భయపడే పిల్లలకు తలుపులు దగ్గరగా వేసి టార్చిలైటు చేతికిస్తాను. గోడ మీద కదిలే పెద్ద నీడ తమ చేతిదేనని వాళ్లే కనిపెడతారు.

ఇంటి సంగతులు కూడా ఈ వారమే బయటపడతాయి. "ఫోన్లో బొమ్మలు చూస్తా పడుకుంటా" అనే పిల్లలు ఎక్కువవుతున్నారు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలని, తెర ముందు గంటకు మించి కూర్చోబెట్టకూడదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రాత్రి పదకొండింటికి పడుకుని ఏడింటికి లేచే బిడ్డకు, మధ్యాహ్నం గంట కలిపినా తొమ్మిది గంటలే. అలాంటి బిడ్డ ఉత్తపుణ్యానికి ఏడుస్తుంది, బలపం పట్టినా గీత మీద మనసు నిలవదు.

"పడుకోబెట్టడానికా టీచర్ పంపేది?" అని కొందరు తల్లులు అడుగుతుంటారు. మధ్యాహ్నం నిద్రపోయిన పిల్లలకు పొద్దున నేర్చుకున్నది బాగా గుర్తుంటోందని 2013లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. అన్నం తిన్నాక చాప పరవడం కూడా చదువులో భాగమే.

అమ్మానాన్నలకు నా మనవి ఒక్కటే. రోజూ ఒకే వేళకు పక్క వేయండి. అంతకు గంట ముందే ఫోను తీసేసి ఒక కథ చెప్పండి. కథలు రాకపోతే మీ చిన్నప్పటి సంగతులు చెప్పండి. పగలు మేం నేర్పింది వంటబట్టాలంటే రాత్రి మీరు నిద్రపుచ్చాలి.