చెవులకో సినిమా హాలు

మా ఇంట్లో రాత్రి తొమ్మిదిన్నర దాటాక సినిమా చూడటం నేరం. అబ్బాయికి పొద్దున ఆరింటికి కాలేజీ బస్సు. మా ఆవిడకి బాంబుల మోత వింటే తలనొప్పి. ఇక పక్క ఫ్లాటాయన గోడకి చెవి ఆనించకుండానే మా టీవీలో ఎవరు ఎవర్ని చంపారో చెప్పగలడు. ఒకరోజు లిఫ్టులో కలిసి, "రాత్రి మీ ఇంట్లో గట్టిగానే కొట్టుకున్నారండీ" అన్నాడు నవ్వుతూ. లిఫ్టులో ఉన్న మూడో మనిషి నన్నూ మా ఆవిణ్ణీ మార్చి మార్చి చూశాడు. హెడ్‌ఫోన్ కొనాలని ఆ క్షణంలోనే తీర్మానించుకున్నాను.

అభ్యంతరం చెప్పనిది అమ్మ ఒక్కతే. ఆవిడ గది హాలు పక్కనే. ఏం సినిమా పెట్టానో అడిగి మరీ పడుకుంటుంది.

తిన్నగా వెళ్ళి కొనుక్కొచ్చేస్తే పోయేది. మా బావమరిదితో ఆ మాట అనడం నా పొరపాటు. అతను పాటలు వినడు, హెడ్‌ఫోన్లు వింటాడు. ఇంట్లో పాటలకంటే పెట్టెలెక్కువ.

"సినిమాలకా బావా, పాటలకా?" అన్నాడు.

"చెవులు అవే కదరా" అన్నాను.

"అక్కడే పప్పులో కాలేశావు" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ రోజు అతను చెప్పినవాటిలో సగం నాకు అర్థం కాలేదు గానీ, అర్థమైన సగం మాత్రం పనికొచ్చేదే.

సినిమా హాల్లో మాట ఎక్కణ్ణుంచి వస్తుంది? తెర వెనక, మధ్యలో ఉన్న స్పీకర్లోంచి. తెరకి సన్నటి చిల్లులుంటాయి, మాట వాటిలోంచి వస్తుంది కాబట్టే నటుడి నోట్లోంచి వచ్చినట్టుంటుంది. సంగీతమూ, వానా, వెనకనుంచి వచ్చే గుర్రపు డెక్కలూ మిగతా స్పీకర్ల వాటా. 5.1 అంటారే, అందులో అయిదు ఈ స్పీకర్లు, ఆ చివరి పాయింట్ వన్ దడదడలాడించే మంద్ర శబ్దం కోసం. పాటకి ఈ గొడవ లేదు. అది మొదట్నుంచీ ఎడమ, కుడి అని రెండు పాయలుగానే తయారవుతుంది, హెడ్‌ఫోన్‌కి ఉన్నవీ రెండే. సినిమాకొచ్చేసరికి ఆరుగురి సంసారాన్ని రెండు గదుల ఇంట్లో సర్దాలి. మధ్య స్పీకరు మాటల్ని రెండు చెవులకీ సమానంగా పంచుతారు. అవి పుర్రె నడిమధ్యలో ఎక్కడో వినిపిస్తాయి. ఇక ఆ పాయింట్ వన్‌ని, ఇరుకింట్లోకి మారేటప్పుడు రోలూ రోకలీ వదిలేసినట్టు, చాలాసార్లు పారేస్తారు. లక్ష పోసి కొన్న హెడ్‌ఫోనైనా తన దగ్గరికి రాని శబ్దాన్ని వినిపించలేదు. వచ్చినా అది దవడ దాకానే వస్తుంది. హాల్లో కుర్చీలోంచి పాకి గుండెని తట్టే ఆ దడ చెవిలో పుట్టదు.

"మరి చుట్టూ తిరిగే శబ్దమో?" అన్నాను. ప్రకటనల్లో చదివిందే.

దానికీ జవాబుంది. కుడి పక్కన కుక్క మొరిగితే ఆ శబ్దం ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా, కాస్త తగ్గి చేరుతుంది. ఆ ఆలస్యం సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. దానికితోడు చెవి డొప్ప మడతలు శబ్దం రంగుని కొద్దిగా మారుస్తాయి. ఈ ఆధారాలతోనే మెదడు దిక్కు పోలుస్తుంది. వీటిని లెక్కగట్టి రెండు పాయల్లోనే నాలుగు దిక్కులూ సృష్టించడం ఇప్పుడు సాఫ్ట్‌వేరు పని. 2012లో 'బ్రేవ్' అనే బొమ్మల సినిమాతో హాళ్ళలోకి వచ్చిన డాల్బీ అట్మాస్‌ని కూడా అలాగే చెవుల్లోకి దింపుతున్నారు. కాకపోతే ఆ లెక్క సగటు చెవిదీ, సగటు తలదీ. నా చెవి డొప్ప నాది. మా అబ్బాయికి హెలికాప్టరు నెత్తిమీద తిరిగితే నాకు మెడ వెనకాల తిరిగింది. పుర్రెకో బుద్ధి అన్నారు పెద్దలు. చెవికో దిక్కు అని కూడా అనుండాల్సింది.

ఇదంతా విన్నాక నాకొక అనుమానం వచ్చింది. నేను మొదట సినిమాలు చూసింది చెవులతోనే కదా అని. రేడియోలో 'సంక్షిప్త శబ్దచిత్రం' అని వచ్చేది. మూడు గంటల సినిమాని కత్తిరించి, మాటలూ పాటలూ మిగిల్చి వినిపించేవాళ్ళు. చాప మీద బోర్లా పడుకుని వినేవాళ్ళం. యుద్ధం ఎక్కడ జరుగుతోందో, ఎవరు ఏడుస్తున్నారో ఎవరూ చెప్పక్కర్లేకపోయేది. 1977లో 'దానవీరశూరకర్ణ' వచ్చాక కొండవీటి వెంకటకవి రాసిన ఆ మాటల రికార్డు పెళ్ళి పందిళ్ళలోనూ తిరునాళ్ళలోనూ మైకు సెట్లో మోగేది. సినిమా చూడనివాళ్ళు కూడా సుయోధనుడి మాటలు అప్పజెప్పేవాళ్ళు. అరచేతంత స్పీకరు, తాటిచెట్టుకి కట్టిన మైకు, వాటికి ఎడమా లేదు కుడీ లేదు. మాట మాత్రం మాటలా వినిపించేది.

అందుకని షాపుకి వెళ్ళేటప్పుడు ఒక నిర్ణయంతో వెళ్ళాను. వాళ్ళు పెట్టింది వినకూడదు, నాకు తెలిసింది వినాలి.

ఆ షాపు కుర్రాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. నా చెప్పులు చూసి ముందు పదివేలది తీశాడు. బావమరిది నోరు విప్పగానే లక్ష దాటినది తెచ్చాడు. పరిచయానికి ఏదో విదేశీ గిటారు పాట పెట్టాడు. అద్భుతంగా ఉంది. తర్వాతది పెట్టాడు, అదీ అద్భుతంగానే ఉంది. ఆ పాటలకీ ఆ హెడ్‌ఫోన్లకీ చాలాకాలంగా స్నేహమున్నట్టుంది. "మాయాబజార్ పెట్టు నాయనా" అన్నాను. 2010లో రంగులద్ది, శబ్దాన్ని కూడా కొత్త పద్ధతికి మార్చి విడుదల చేసింది కాదు, 1957 నాటి నలుపు తెలుపుది.

కుర్రాడు బావమరిది వంక జాలిగా చూశాడు. కానీ ఎస్వీ రంగారావు గొంతు ఎలా ఉండాలో ఆ షాపులో అందరికంటే నాకే బాగా తెలుసు. యాభై ఏళ్ళుగా వింటున్నాను. ఒక హెడ్‌ఫోన్‌లో ఘటోత్కచుడు డోలులో తల పెట్టి మాట్లాడినట్టుంది. మంద్ర శబ్దాన్ని ఉబ్బించి తయారుచేశారన్నమాట. ఇంకొకదాంట్లో జలుబు చేసినట్టుంది. లక్ష దాటినదాంట్లో గొంతు బాగానే ఉంది గానీ, దాంతోపాటు రీలు మీది గీతలూ, ఆనాటి రికార్డింగు బుసా, ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య అతుకూ అన్నీ వినిపించాయి. అది తనిఖీకొచ్చిన ఆడిట్ ఆఫీసరు లాంటిది. లెక్క సరిగ్గా ఉన్నా పక్కన పడ్డ సిరా మరకని చూపిస్తుంది. రోజూ కొత్త సినిమాలే చూసేవాళ్ళకి అది మంచిదేనేమో. నేను పాతవాటి మనిషిని.

పైగా దాని బరువు. పల్చటి పొర మీద తీగలు పరిచి, అటూ ఇటూ అయస్కాంతాలు పెట్టి చేసే ప్లేనార్ రకం. వాటిలో 600 గ్రాములు దాటినవి ఉన్నాయి. అరకిలో కందగడ్డ నెత్తిన పెట్టుకుని పాట వినొచ్చు. మన సినిమా మూడు గంటలు. ఇంటర్వెల్ రాకముందే మెడ నొప్పి మొదలవుతుంది. నాకు కళ్ళద్దాలు కూడా. మెత్త గట్టిగా నొక్కితే అద్దాల కాడ కణత మీద గంటు పెడుతుంది. పెట్టుకున్న అయిదు నిమిషాలకి ఇవేవీ తెలియవు. అరగంట కూర్చోవాలి. కుర్రాడికి నచ్చకపోయినా కూర్చున్నాను.

ఆ తర్వాత ఓమ్‌ల సంగతి, అంటే హెడ్‌ఫోన్ కరెంటుకి పెట్టే అడ్డు. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌ని టీవీకో ఫోనుకో తగిలిస్తే వాల్యూమ్ చివరిదాకా తిప్పినా గొణుగుతుంది. వాటి దగ్గర అంత వోల్టేజీ ఉండదు. దానికి యాంప్లిఫయరు కావాలి. యాంప్లిఫయరుకి, అంకెల్ని శబ్ద సంకేతంగా మార్చే డాక్ అని ఇంకో పెట్టె. ఆ పెట్టెకి మంచి వైరు. వీటన్నిటికీ బల్ల. కౌపీన సంరక్షణార్థం పిల్లినీ ఆవునీ పెంచి చివరికి పెళ్ళి చేసుకున్న సన్యాసి గుర్తొచ్చాడు. బావమరిది మాత్రం ఆ సన్యాసి చివరికి సుఖపడ్డాడనే వాదించాడు.

వైరు బాధ లేకుండా బ్లూటూత్ ఉండగా ఇదంతా ఎందుకని అబ్బాయి అన్నాడు. నిజమే. కానీ మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో అయిదో వంతు దాకా ఆలస్యం కావచ్చు. ఫోన్లు ఆ మేరకి బొమ్మని ఆపి సర్దుకుంటాయి, టీవీలన్నీ సర్దుకోవు. విలన్ ముందు ఎగిరి పడతాడు, దెబ్బ తర్వాత వినిపిస్తుంది. డబ్బింగు సినిమాలు చూసి పెరిగినవాళ్ళం కాబట్టి పెదాలకీ మాటకీ పొంతన అడిగే అలవాటు మనకి లేదు. హాల్లో వెనక బెంచీలో కూర్చున్నా, తెర 34 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం సెకనులో పదోవంతు ఆలస్యంగానే వచ్చేది. దూరం కాబట్టి మనసు సర్దుకునేది. చెవిని అంటుకుని ఉన్నది ఆలస్యమైతే మాత్రం సర్దుకోదు.

చివరికి బావమరిది తనది ఒకటి వారం రోజులు వాడుకోమని ఇచ్చాడు. చెవుల్ని పూర్తిగా మూసేసి, బయటి హోరుని చంపేసే నాయిస్ క్యాన్సిలింగ్ రకం. ఈ విద్య గట్టిగా ఆలోచనకొచ్చింది 1978లో, జూరిక్ నుంచి విమానంలో వెళుతున్న అమర్ బోస్ అనే ప్రొఫెసరుకి. బెంగాల్ నుంచి అమెరికా వెళ్ళిన స్వాతంత్ర్య పోరాటయోధుడి కొడుకాయన. ఇంజిను హోరులో పాట సరిగ్గా వినపడక, ఆ కుర్చీలోనే లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. బయటి శబ్దాన్ని చిన్న మైకుతో పట్టి, దానికి సరిగ్గా ఎదురు తరంగం పుట్టిస్తే రెండూ కలిసి అణగిపోతాయి. ఫ్యానూ, ఏసీ లాంటి ఒకే తీరు హోరుని అది చక్కగా మింగేస్తుంది. మనిషి గొంతుని అంతగా మింగలేదు.

అంతగా మింగలేదు గానీ, ఆ మిగిలిన కాస్తని చెవి మీది మెత్తా సినిమాలోని వానా కలిసి కప్పేశాయి. మూడో రాత్రి నా భుజం మీద చెయ్యి పడితే ఉలిక్కిపడి చూశాను. అమ్మ. గోడ పట్టుకుని హాలు దాకా వచ్చింది. మంచినీళ్ళ కోసం నాలుగుసార్లు పిలిచిందట. చెంబు కింద పడిందట.

"చెవుల్లో సీసం పోసుకున్నావుట్రా?" అంది.

అది ఏ కంపెనీదన్నది అనవసరం. చేయాల్సిన పని అది నూటికి నూరుపాళ్ళు చేసింది. విమానం కోసం పుట్టిన విద్య. మా హాలు విమానం కాదు.

మర్నాడు వెళ్ళి వెనక డొప్పకి జాలీ ఉండే ఓపెన్ రకం కొన్నాను. 1968లో సెన్‌హైజర్ వాళ్ళు హెచ్‌డి 414 అని పసుపు స్పాంజి మెత్తలతో తెచ్చినప్పటినుంచీ ఆ పద్ధతి ఉంది. వెనక గాలి ఆడుతుంది కాబట్టి శబ్దం డబ్బాలో మోగినట్టుండదు, చెవులు ఉడకవు, ఇంట్లో శబ్దాలు లోపలికి వస్తాయి. నేను కొన్నది తేలిక, 300 గ్రాముల లోపే. చిన్న యాంప్లిఫయరుతో కలిపి లక్షలో సగం కూడా కాలేదు. ప్లేయరు సెట్టింగుల్లో 5.1 తీసేసి స్టీరియో పెట్టాక మాట ముందుకొచ్చింది. ఆ ఒక్క మార్పుకి రూపాయి ఖర్చు లేదు.

దీనికీ ఒక లోపం ఉంది. లోపలికొచ్చే దారిలోనే బయటికి కూడా పోతుంది. "దోమలన్నీ కలిసి సినిమా చూస్తున్నట్టుంది, మీరు హాల్లోనే కూర్చోండి" అంది మా ఆవిడ. కూర్చుంటున్నాను. ఓటీటీ వాళ్ళు ఇంటర్వెల్ ఇవ్వడం మానేశారు గానీ, గంటన్నరకి ఒకసారి నేనే తీసి పక్కన పెడుతున్నాను. చెవులకీ ఒక టీ బ్రేకు కావాలి.

కొన్న వారానికి అమ్మ అడిగింది, "రాత్రిళ్ళు సినిమాలు మానేశావా?" అని. ఇన్నాళ్ళూ ఆవిడ తలుపు సందులోంచి వింటూ నిద్రపోయేదని నాకప్పుడు తెలిసింది. శబ్దచిత్రం నేనొక్కణ్ణే వినలేదు. అందుకని పాత సినిమా పెట్టిన రాత్రి హెడ్‌ఫోన్ కొక్కేనికే ఉంటోంది. టీవీ శబ్దం సన్నగా పెడుతున్నాను. పక్క ఫ్లాటాయన కూడా ఏమీ అనడం లేదు.

కొనాలనుకునేవాళ్ళకి నేను చెప్పేదొక్కటే. షాపులో ఓమ్‌లు అడిగేముందు ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టుకోండి. పక్క మంచం మీద నిద్రపోయేవాళ్ళుంటే మూసుండేది కొనండి. రాత్రిపూట మిమ్మల్ని పిలిచేవాళ్ళుంటే జాలీ ఉన్నది కొనండి. ఇద్దరూ ఉంటే జాలీ ఉన్నదే కొని, హాల్లోకి వెళ్ళి కూర్చోండి.