బడి అలమరా, ఫిర్యాదు పత్రం

అమెరికా బడులలో పుస్తక నిషేధమంటే ప్రభుత్వం అమ్మకాన్ని ఆపడం కాదు. ఊరి దుకాణంలో దొరుకుతూనే ఉన్న పుస్తకాన్ని ఒక స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే కొన్ని బడులను కలిపి నడిపే స్థానిక పాలనా విభాగం, తన పాఠ్యప్రణాళిక నుంచో గ్రంథాలయం నుంచో తొలగించడం. దానిని నడిపే స్కూల్ బోర్డు సభ్యులను చాలాచోట్ల స్థానిక ఓటర్లే ఎన్నుకుంటారు కనుక, పుస్తకం మంచిచెడ్డలు ఎన్నికల లెక్కలతో ముడిపడిపోతాయి.

తొలగింపుకు చెప్పే కారణం తరచు అసభ్యతే కావడం యాదృచ్ఛికం కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఐలాండ్ ట్రీస్ బోర్డు కొన్ని పుస్తకాలను తీసివేసినప్పుడు విద్యార్థులే దావా వేయగా, భావాలు నచ్చలేదన్న కారణంతో గ్రంథాలయం నుంచి పుస్తకాన్ని తీయరాదని, బూతులు మితిమీరితే మాత్రం తీయవచ్చని 1982లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి బ్రెనన్ రాశారు. ఆ వాదనకు పూర్తి మెజారిటీ దక్కకపోయినా, ఏ కారణం చెబితే కోర్టులో గట్టెక్కవచ్చో బోర్డులకు అర్థమైంది. 2022 జనవరిలో టెనెసీలోని మెక్‌మిన్ కౌంటీ బోర్డు, యూదుల ఊచకోతను ఎలుకల, పిల్లుల బొమ్మలతో చెప్పిన ఆర్ట్ స్పీగెల్‌మన్ 'మౌస్'ను ఎనిమిదో తరగతి పాఠాల నుంచి 10–0 ఓట్లతో తొలగించింది. అభ్యంతరం ఎనిమిది తిట్టుమాటలపైన, ఒక నగ్నచిత్రంపైన; ఆత్మహత్య చేసుకున్న తన తల్లిని రచయిత ఒక చిన్న గడిలో గీసిన చిత్రం అది. ఊచకోత గురించి చదవగల పిల్లలు ఆ గడిని భరించలేరన్న వాదన నమ్మశక్యంగా లేదు.

చట్టాల కన్నా వాటి గడువులే ఎక్కువ పని చేస్తాయి. లైంగిక ప్రవర్తనను వర్ణించిందన్న ఫిర్యాదు అందిన పుస్తకాన్ని ఐదు బడిదినాలలోగా పక్కన పెట్టి, ఆ తరువాత పరిశీలించాలని 2023 నాటి ఫ్లోరిడా చట్టం ఆదేశించింది. అంటే శిక్ష ముందు, విచారణ వెనుక. ఫిర్యాదు వచ్చే దాకా ఆగడమెందుకని లైబ్రేరియన్లే జాగ్రత్తపడి కొన్ని పుస్తకాలను తీసివేయడంలో వింతేమీ లేదు. యూటాలో ఒక తల్లో తండ్రో ఈ పద్ధతిని ఎండగట్టడానికి బైబిల్‌పైనే ఫిర్యాదు చేయగా, డేవిస్ డిస్ట్రిక్ట్ 2023లో దానిని చిన్న తరగతుల బడుల నుంచి తీసివేసి, కొద్ది వారాలకే తిరిగి చేర్చవలసి వచ్చింది.

తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న డాలస్ పరిసరాలకూ ఈ గొడవ చేరింది. 2022 ఆగస్టులో కెల్లర్ డిస్ట్రిక్ట్ పక్కన పెట్టించిన 41 పుస్తకాలలో బైబిలూ, యాన్ ఫ్రాంక్ డైరీకి చేసిన బొమ్మల రూపమూ ఉన్నాయి. వీసాపై ఉన్నవారికి బోర్డు ఎన్నికలలో ఓటు లేకపోయినా, బడిలో బిడ్డ ఉన్నంతకాలం ఫిర్యాదు పత్రం మాత్రం అందుబాటులోనే ఉంటుంది. బడి పుస్తకాలపై అభ్యంతరం చెప్పడం భారతీయులకు తెలియనిదేమీ కాదు: 2005–06లో కాలిఫోర్నియా ఆరో తరగతి చరిత్ర పుస్తకాలలో కులం, స్త్రీల స్థానం గురించిన వాక్యాలను మార్చాలని కొన్ని హిందూ సంస్థలు పట్టుబట్టగా, దళిత సంఘాలూ చరిత్రకారులూ ఎదురు తిరిగారు. అప్పుడు అడిగిన మార్పులలో కొన్ని న్యాయమైనవే, కులం ప్రస్తావనను పలుచన చేసేవి మాత్రం కావు. అయినా రెండింటినీ కలిపే అడిగారు.